లాంతరు చిమ్నీలో సిగ్నలు పురుగు

నా చిన్నప్పుడు మా పెరట్లో జరిగిన ఒక విచారణ గురించి రాయబోతున్నాను కనుక, నాకు రూఢిగా తెలిసినవి ఏవో, ఇతరులు చెప్పగా విన్నవి ఏవో ముందే వేరు చేసి పెట్టడం న్యాయం. మా ఊరు పెన్న సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, మైపాడుకు వెళ్లే దారికి కాస్త ఎడంగా ఉండేదన్నది నిజం. అప్పుడు నేను నాలుగో తరగతి చదువుతున్నానన్నదీ నిజం. దాన్నిబట్టి అది యాభైలు ముగిసి అరవైలు మొదలయ్యే కాలం అయి ఉండాలి; ఏ సంవత్సరమో మాత్రం చెప్పలేను. ఎర్రని పురుగు ఒకటి వరి ఆకు మీద పరుగెత్తడం నేను కళ్లారా చూశాను. ఆ పురుగు కనిపించిన ఏడు సముద్రం ముందుకు వస్తుందని మా పొలానికి కూలికి వచ్చే అవ్వ అనేది. అది విన్న మాట. ఆ ఏడు మా పంట ఊళ్లో అందరికన్నా బాగా వచ్చిందని మా ఇంట్లో నేటికీ చెప్పుకుంటారు. అదీ విన్న మాటే, పక్క మడితో పోల్చి కొలిచినవారు ఎవరూ లేరు. నేను అసూయపడ్డానన్నది మాత్రం ఏ సాక్షీ అవసరం లేని నిజం.

మా నాన్న ఉద్యోగం నెల్లూరులో. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవాడు. అమ్మకు వంటిల్లూ, ఒళ్లో తమ్ముడూ. పొలం చూసుకునేది మా పెద్దత్త, నాన్నకు అక్క. పెళ్లయిన రెండేళ్లకే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఐదో తరగతి దాకా చదువుకుంది. ఆమెకు శాస్త్రం తెలుసునని నేను అనను. చూసిన దానిని చూసినంత వరకే చెప్పే అలవాటు మాత్రం ఉండేది. మబ్బు పట్టింది అనేదే గాని, వాన వస్తుంది అనేది కాదు.

మా మడులు సన్నగా, పొడుగ్గా ఉండేవి. కార్తీకం వానలు వెలిసి, మొలగొలుకుల వరి పైరు మోకాలెత్తు దాటాక ఆకుముడత పట్టేది. ముడత చేసేది లేత పసుపుపచ్చని చిన్న గొంగళి. ఆకు రెండంచులనూ పట్టుపోగుతో కుట్టి గొట్టంలా చేసుకుని, లోపల కూర్చుని పచ్చదనాన్ని గీకి తింటుంది. ఆకు మీద తెల్లని చారలు మిగులుతాయి. దీనికి మా వైపు చేసే పని తాడు లాగడం. ఇద్దరు మనుషులు ఎదురెదురు గట్ల మీద నిలబడి, కొబ్బరిపీచు తాడును పైరు తలల మీదుగా ఈడ్చుకుంటూ నడుస్తారు. తాడు నడుమ రెండు రేగు కంపలు కట్టి ఉంటాయి. ముళ్లకు తగిలి ముడతలు విచ్చుకుంటాయి, గొంగళ్లు నీళ్లలో రాలతాయి, వెనకాలే కొంగలు వచ్చి ఏరుకుంటాయి.

ఆ తాడుకు ఒక కొస పెద్దత్త చేతిలో ఉండేది, రెండో కొస నా చేతిలో. నా ఎత్తుకు తాడు మట్టంగా రావాలని ఆమె నడుం వంచి నడిచేది. బడికి వెళ్లే ముందు రోజుకు రెండు మడులు లాగేవాళ్లం. మాటలుండేవి కావు. నేను ఆగితే తాడు బిగిసి ఆమెకు తెలిసేది, ఆమె ఆగితే నాకు తెలిసేది. అంత చక్కని సంభాషణ తరువాత నాకు ఎవరితోనూ కుదరలేదని రాయాలనిపిస్తుంది. కాని అది అతిశయోక్తి, కొట్టివేస్తున్నాను. ఊళ్లో వేరే ఏ పిల్లకూ లేని ఉద్యోగం నాకు ఉందని పొంగిపోయేదాన్నని మాత్రం రాస్తాను.

ఆ ఏడు ముడత మొదలైన వారానికే మా బిట్రగుంట వదిన వచ్చింది. మా చిన్నత్త కూతురు ఆమె. వాళ్ల నాన్న రైల్వేలో ఫైర్‌మన్, రైల్వే కాలనీలో కాపురం. చిన్నత్తకు జబ్బు చేసి నెల్లూరు ఆసుపత్రిలో చేర్చారు. వాళ్ల నాన్న డ్యూటీలకు తిరగాలి కనుక పిల్లను మా ఇంట్లో దింపి వెళ్లాడు. నాకంటె మూడు నెలలు మాత్రమే పెద్దది, అయినా వదినా అని పిలవమన్నారు. అది నా మొదటి కష్టం. రెండో కష్టం ఇంకా పెద్దది. నేను అత్తా అని పిలిచే మనిషిని ఆమె పెద్దమ్మా అని పిలిచేది. ఆ పిలుపులో అమ్మ అన్న మాట ఉంది, నా పిలుపులో లేదు. పుట్టిన నాటి నుంచీ పక్కన ఉన్నది నేను, నిన్న వచ్చిన పిల్లకు అమ్మ ఎలా అయిందని రెండు రోజులు లోలోపలే వాదించుకున్నాను. బంధుత్వాల లెక్క నాకు తెలియక కాదు, తెలిసినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

మూడో రోజు పొద్దున గట్టు మీద పెద్దత్త తాడు రెండో కొసను వదిన చేతికిచ్చింది.

"అది నాది గదత్తా!" అన్నాను.

"నడుం వంగడంలా మే. వదిన నీకంటే నాలుగు వేళ్లు పొడుగు. తాడు మట్టంగా వస్తాది. నువ్వు కంప చిక్కుకుంటే తీద్దువు, రా."

ఆమె చెప్పిన కారణం అక్షరాలా నిజం. ఆ నడుం నొప్పి ఆమెను చివరిదాకా వదలలేదు. అప్పుడు నేను నమ్మలేదు. వదిన జడ పెద్దత్త వేసింది, వదిన కంచంలో గడ్డపెరుగు వేసింది, ఇప్పుడు తాడూ ఇచ్చింది. మూడింటినీ వరుసలో పెట్టుకుంటే నాకు ఒకటే అర్థం కనిపించింది. ఆ పిల్ల తల్లి ఆసుపత్రిలో ఉందన్న నాలుగో విషయాన్ని నేను వరుసలో చేర్చలేదు. వదిన గోళ్లకు గోరింటాకు ఎర్రగా పండి ఉండేది. దానికి పోటీగా నేను గోళ్లు పెంచడం మొదలుపెట్టాను. ఈ వివరం అల్పంగా కనిపిస్తుంది గాని, ముందు ముందు అవసరపడుతుంది.

వదిన తాడు బాగానే లాగేది, కాని కళ్లు పైరు మీదే ఉండేవి. ఒకనాడు మధ్యలో తాడు వదిలేసి ఆకుల్లో చెయ్యి పెట్టింది. ఆమె గుప్పిట్లో నేను అంతవరకు గమనించని పురుగు ఒకటి ఉంది. వడ్లగింజ కంటె కాస్త చిన్నది, సన్నగా, చీమ వాటంగా ఉంది. తల నలుపు. మెడ పొడుగ్గా ముందుకు సాగి ఉంది. వీపు ఎర్రగా మెరుస్తూ, నడుమ నీలిమెరుపుతో నల్లని పట్టీ, అంచుల్లో తెల్లని చుక్కలు. ఒక్క చోట నిలవదు, ఆకు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగే.

"రైలు సిగ్నలు చెయ్యి లాగుండాది చూడు పెద్దమ్మా, ఎరుపు మీద తెలుపు!" అంది వదిన. అప్పటి నుంచీ మా ఇంట్లో దాని పేరు సిగ్నలు పురుగు.

ఇప్పుడు నేను చెప్పగలను. ఇది నేలమీద తిరిగే పెంకుపురుగుల వంశానికి చెందినది. ఆ వంశంలో చాలావాటికి నలుపే రంగు. రాళ్ల కింద, ఎండుటాకుల కింద దాగి, చీకట్లో వేటాడతాయి. కొన్ని మాత్రం నేల విడిచి ఆకులెక్కాయి, రంగులూ తొడుక్కున్నాయి, కాని వేట మానలేదు. ఆనాడు మా ఊళ్లో ఇది తెలిసినవారు ఒక్కరూ లేరు.

మా పిల్లల దగ్గర పురుగు అంటే బంగారు పురుగు. ఆకుపచ్చ మెరుపుతో పెద్దగా ఉండే ఆ పురుగును అగ్గిపెట్టెలో పెట్టి, తుమ్మాకు మేపి, గుడ్లు పెడుతుందేమోనని పొద్దున లేవగానే చూసుకునేవాళ్లం. వదిన కూడా అలాగే చేసింది. అగ్గిపెట్టెకు సూదితో గాలి కంతలు పొడిచి, సిగ్నలు పురుగును లోపల పెట్టి, వరి ఆకు ముక్కలు వేసింది. ఆదివారం పెద్దత్త ఆమెను నెల్లూరు తీసుకుపోయి తల్లిని చూపిస్తానంది. "మా అమ్మ కాడికి తీసకపోతా. రైలు చూసి శానా రోజులైందంట, దీన్ని చూసి నవ్వతాది," అంది వదిన. నెల్లూరు ప్రయాణం అన్న మాట మాత్రమే నా చెవికి ఎక్కింది. పెద్దత్త పక్కన, బస్సులో, కిటికీ దగ్గర, నేను లేకుండా.

మంగళవారం వదిన స్నానానికి వెళ్లినప్పుడు అగ్గిపెట్టె తెరిచి చూశాను. పురుగు చురుగ్గానే ఉంది. ఆకు ముక్కలు వాడిపోయాయి గాని, ఒక్క గాటు లేదు. రెండు రోజులుగా అది ఆకు ముట్టుకోలేదన్న మాట. ఈ కేసులో తొలి సాక్ష్యం అది. దానిని చూసింది నేనొక్కదాన్నే, దాచిందీ నేనే. పెట్టె మూసి యథాస్థానంలో పెట్టాను.

బుధవారం పొద్దున తాడు వెనకాల నడుస్తూ, కంపకు దొరకని ముడత ఒకటి వేళ్లతో విప్పాను. లోపల గొంగళి లేదు. సిగ్నలు పురుగు ఉంది. ఆకు లోపలంతా తెల్లగా గీకి ఉంది. ఇంతకన్నా రుజువు ఏ పోలీసుకైనా దొరుకుతుందా? పైగా నాకు ఇంకొకటి తట్టింది. ఊరికి వచ్చే గ్రామసేవక్ గారు అర బస్తా పురుగుల పొడి మా ఇంట్లో పెట్టి పోయి ఉన్నారు. తాడుకు గొంగళ్లు రాలతాయి గాని, పెంకు ఉండి పరుగెత్తే పురుగు రాలదు. ముడత చేసేది ఇదే అయితే పొడి చల్లక తప్పదు. పొడి చల్లితే పిల్లలను మడి గట్టు మీదికే రానివ్వరు. తాడు అటకెక్కుతుంది. నాకు లేని కొస వదినకూ ఉండదు. తొమ్మిదేళ్ల పిల్లకు ఇంత దూరపు ఆలోచన ఉంటుందా అని నా విద్యార్థులు ఎవరైనా అడిగితే, ఉంటుందని నేను సాక్ష్యం చెబుతాను.

"అత్తా! దొంగ దొరికినాది! ముడతలోనే ఉండాది!" అని అరిచాను.

కలుపు తీస్తున్న అవ్వ వచ్చి తొంగి చూసింది. "అవునమ్మా, పాపిష్టిది, ఇంట్లోనే కూసోనుండాది. ఇంక సాచ్చికమెందుకు? దీనివల్లే ఈ యేడు సముద్రం కూడా ముందుకొచ్చేది." ఆ మాటతో నాకు బలం వచ్చింది. ఆకును అరచేతుల మధ్య పెట్టి, పురుగుతో సహా నలిపేశాను.

వదిన తాడు కింద పడేసింది. "నాది అట్టాంటిది కాదు. నాది అగ్గిపెట్టెలో ఉండాది," అంది.

"అదీ ఇదీ ఒకటే గదా వదినా. నీది గుడ్లు పెడితే మడంతా తింటాది. దాన్ని కూడా చంపాల." వదినా అన్న పిలుపు ఆ రోజు తొలిసారి నా నోట తియ్యగా వచ్చింది.

పెద్దత్త నలిగిన ఆకును నా చేతిలోంచి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "ముడతలో ఉండాది. అది చూసినాం. ముడత చెయ్యడం చూసినామా?" అంది. "చూద్దాం. ఇదే దొంగ అయితే ఆ పెట్టెలోదాన్నీ వదలొద్దు, పొడీ చల్లిస్తా." వదిన ఏడవలేదు. పెద్దత్త కొంగు పట్టుకుని నడిచింది. అది చూసి నాకే ఏడుపు వచ్చింది.

ఆ సాయంత్రం పెద్దత్త రెండు పగిలిన కుండల అడుగుల్లో బురద నింపి, ముడత లేని వరి దుబ్బు ఒక్కొక్కటి నాటింది. ఒక్కో దుబ్బు మీద ఒక్కో లాంతరు చిమ్నీ నిలిపి, పైన పలుచని పాత పంచె గుడ్డ కట్టింది. మొదటి చిమ్నీలో అగ్గిపెట్టెలోని పురుగును వదిలింది. రెండో దానిలో మడి నుంచి తెచ్చిన గొంగళిని వదిలింది. రెండింటినీ పెరటి వసారాలో గోడ వారగా పెట్టింది. "శుక్రవారం పొద్దన చూస్తాం. ఏ చిమ్నీలో ఆకు గీకి ఉంటే అందులోది దొంగ. ముట్టుకోబాకండి." ఆ పని ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. కాలేజీలో చేరాక, ప్రయోగం అంటే ఏమిటో పాఠం చెబుతుంటే నాకు కొత్తగా అనిపించలేదన్నది మాత్రం తెలుసు.

గురువారం మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వచ్చాను. అమ్మ తమ్ముడిని నిద్రపుచ్చుతూ తనూ నిద్రపోయింది. పెద్దత్త ముందు వసారాలో, నడవలోంచి పెరడు కనిపించే చోట, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. వదిన ఇంటి పక్కనున్న నూతి దగ్గర గిన్నెలు తోముతోంది. పెరట్లోకి వెళ్లి చూశాను. గొంగళి చిమ్నీలో ఒక ఆకు అప్పుడే గొట్టంలా చుట్టుకుని, అంచున తెల్లచార కనిపిస్తోంది. సిగ్నలు పురుగు చిమ్నీలో ఆకులన్నీ నిగనిగలాడుతున్నాయి. పురుగు మాత్రం ఆకు కొసకెక్కి, మెడ చాచి అటూ ఇటూ చూస్తోంది, ఎవరినో వెతుకుతున్నట్టు. పురుగు వెతుకుతోందని అనడానికి నాకు ఆధారం లేదు. నాకు అలా కనిపించింది.

చిమ్నీని ఒక పక్క కొంచెం లేపి, వేళ్లు లోపలికి పోనిచ్చి, నా బొటనవేలి గోటితో మూడు ఆకులు గీకాను. పచ్చదనం లేచి తెల్లగా అయింది. చేతికి తగిలిన పురుగు కంగారుగా కుదురులోకి జారిపోయింది. చిమ్నీ దించి, బురద సరిచేసి, బడికి వెళ్లిపోయాను. ఆ మధ్యాహ్నం బడిలో ఏం చెప్పారో గుర్తు లేదు. గోటి సందులో పచ్చని గీత ఉండిపోయిందని, పలకకు ఎంత రుద్దినా పోలేదని గుర్తుంది.

శుక్రవారం పొద్దున పెద్దత్త రెండు కుండలనూ వెలుగులోకి జరిపింది. వదిన, నేను, పొలానికి పోతూ ఆగిన అవ్వ, ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. పెద్దత్త ముందు గొంగళి చిమ్నీ తీసింది. రెండు ఆకులు చుట్టుకుని, గీకి ఉన్నాయి. తరువాత పురుగు చిమ్నీ తీసింది. మూడు ఆకుల మీద తెల్లచారలు.

"నేను చెప్పలా?" అన్నాను. వదిన నా వైపు చూడలేదు, చారల వైపే చూస్తోంది.

పెద్దత్త మాత్రం తొందరపడలేదు. గొంగళి ముడతను విప్పి, తెల్లని గుడ్డ మీద దులిపింది. ఆవాల కన్నా చిన్నవి, నల్లనివి, చిటికెడు గుళికలు రాలాయి. పురుగు కుండలోని మూడు ఆకులను కూడా అలాగే దులిపింది. గుడ్డ మీద ఏమీ రాలలేదు. కుదుళ్లు వేళ్లతో విడదీసి చూసింది, బురద మీద చూసింది. ఏమీ లేదు.

"మూడు ఆకులు తిన్న పురుగు ఒక్క పెంటిక కూడా వెయ్యకుండా ఉంటాదా?" అంది.

అవ్వ పకపకా నవ్వింది. "అదెట్టమ్మా? మా మేక అట్ట చేస్తే నేను దాన్ని ఊరూరా తిప్పి చూపిస్తా!"

"ఇంకోటి చూడు. గొంగళి గీకితే ఆకు అడుగుపొర అద్దం లాగ నిలస్తాది. ఇది ఆడాడ చినిగిపోయినాది." ఆకును ఎండకు పెట్టి చూపించింది. చినిగిన చోట వెలుగు సూదిలా దిగింది. పెద్దత్త పురుగు వైపు వంగి, దానితోనే చెబుతున్నట్టు నెమ్మదిగా అంది: "ఏమ్మే, నువ్వు గోళ్లు పెంచుకోనుండావా?"

వదిన నవ్వింది. ఆ నవ్వులో అనుమానం ఉందో లేదో నేను చూడలేకపోయాను, అరచేతులు మూసుకోవడంలో ఉన్నాను.

తరువాత పెద్దత్త సిగ్నలు పురుగును గొంగళి ఉన్న కుండలోకి మార్చి చిమ్నీ పెట్టింది. గొంగళి అప్పటికే వేరే ఆకును చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఎర్రపురుగు ఆకులన్నీ ఎక్కి దిగి, ఆ గొట్టం దగ్గర ఆగింది. పొడుగు మెడను లోపలికి పోనిచ్చింది, వెనకే ఒళ్లంతా దూర్చింది. గొట్టం కొంచెం కదిలింది. అవ్వ పొలానికి పోవడం మరిచిపోయింది. చాలాసేపటికి పురుగు రెండో వైపు నుంచి బయటికి వచ్చి, ఆకు కొసన నిలబడి మీసాలు సవరించుకుంది. పెద్దత్త గొట్టం విప్పితే, గొంగళి తలా, ఖాళీ తోలూ మిగిలాయి.

"దొంగ ఇంట్లో దొరికినాది గదా అని కొట్టి చంపినాం. అది దొంగ కోసం పోయింటే?" అంది పెద్దత్త. ఎవరితో అన్నదో చెప్పలేను. నేను బుధవారం నలిపిన పురుగు నా అరచేతుల్లో మళ్లీ కదిలినట్టు అయింది.

ఆమె ఇంతకు మించి ఏమీ అనలేదు. నన్ను కొట్టలేదు, అమ్మకు చెప్పలేదు. అవ్వ వెళ్లిపోయాక కత్తెర తెచ్చి, మా ఇద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టుకుని గోళ్లు తీసింది. వదినవి ముందు తీసింది, అవి పొట్టివే. నా వంతు వచ్చినప్పుడు బొటనవేలు చాలాసేపు పట్టుకుంది. గోటి కింద పచ్చదనాన్ని తడిగుడ్డతో తుడిచి, అప్పుడు కత్తిరించింది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. వదిన వచ్చాక ఆమె నా చెయ్యి అంతసేపు పట్టుకోవడం అదే మొదలు. సిగ్గుతో చావాల్సిన సమయంలో నాకు సంతోషం కలిగింది. ఇది ఒప్పుకోవడం కష్టంగా ఉంది, కాని జరిగింది ఇదే.

ఆ రోజు శుక్రవారం. శుక్రవారం గోళ్లు తీయకూడదన్నది మా ఇంట్లో పెద్దత్త పెట్టిన నియమమే. ఇది గుర్తు పెట్టుకోవలసిన విషయం.

ఆదివారం దాకా పురుగును బతికించే పని నాకు పడింది. "దొంగ అన్నది నువ్వు గదా. తిండి నువ్వే పెట్టు," అంది పెద్దత్త. నేను మడి గట్ల మీద తిరిగి ముడతలు విప్పి గొంగళ్లు ఏరి తెచ్చాను. అది వాటిని తినడం ఐదుసార్లు చూశాను. మొదటిసారి భయం వేసింది. మూడోసారికి, మధ్య భాగాన పట్టుకుంటుందా తల దగ్గర పట్టుకుంటుందా అని లెక్క పెట్టడం మొదలుపెట్టాను. రెండుసార్లు తల దగ్గర, ఒకసారి మధ్యలో. నా జీవితంలో నేను రాసి పెట్టుకున్న తొలి పరిశీలన అది, పలక మీద.

పొలంలో పొడి చల్లలేదు. మరునాడు పెద్దత్త తాడు రెండు కొసలూ మా ఇద్దరి చేతులకిచ్చి, తాను మధ్యలో కంప చిక్కు తీస్తూ నడిచింది. వదిన నాలుగు వేళ్లు పొడుగు కనుక మోచేతులు కిందికి దించి నడిచేది. నేను కొన్నిసార్లు కావాలనే వేగంగా నడిచి తాడు గుంజాను. ఆమె కూడా గుంజింది. పశ్చాత్తాపం వల్ల అసూయ పోతుందని పుస్తకాల్లో ఉంటుంది. నా అనుభవంలో అది పోలేదు, తాడు రెండో కొసకు మారిందంతే.

ఆదివారం పెద్దత్త, వదిన నెల్లూరు బస్సెక్కారు. అగ్గిపెట్టె వదిన ఒళ్లో ఉంది. అందులో దారికి తిండిగా నేను పెట్టిన గొంగళి కూడా ఉంది. బస్సు దుమ్ము రేపుకుంటూ పోతుంటే, ఆ పురుగును రెండు రోజులు మేపినట్టు వదిన తన పేరే చెప్పుకుంటుందని నాకు గట్టిగా అనిపించింది. చిన్నత్త దానిని చూసి నవ్విందట, వార్డులో పక్క మంచాల వాళ్లందరికీ చూపించిందట. అది వదిన చెప్పిన మాట, నేను చూడలేదు. "మేపింది మా మరదలు అని చెప్పినా," అని కూడా వదిన చెప్పింది. ఆ మాటను సరిచూసుకునే దారి నాకు లేకపోయింది, చాలా ఏళ్లు నమ్మలేదు. సంక్రాంతి తిరిగాక చిన్నత్త కోలుకుని బిట్రగుంటకు వెళ్లింది. వదినా వెళ్లిపోయింది. తాడు కొస తిరిగి నాకు వచ్చింది, కాని పెద్దత్త ఇక నడుం వంచలేదు. నేనే చేతులు పైకెత్తి నడవడం నేర్చుకున్నాను.

నేను తరువాత జంతుశాస్త్రం చదివి, ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. ఫలానాది ఫలానా పని చేసిందని ఎవరైనా తేల్చి చెబితే, నేను ముందు అడిగేది అది అక్కడ ఉండడం చూశారా, చెయ్యడం చూశారా అని. రెండోది, పెంటికలు ఏవి అని. విద్యార్థులు నవ్వేవారు. వాళ్లకు చెప్పని మూడో అలవాటు ఒకటి ఉంది. నాకు ఇష్టం లేని మనిషి మీద రుజువు దొరికినప్పుడు, దానిని నమ్మే ముందు నా గోళ్లు ఒకసారి చూసుకుంటాను. ముడతలో దొరికిన పురుగుకూ, పెద్దత్త కొంగు పట్టుకున్న వదినకూ పోలిక ఉందని నాకు ఆ రోజుల్లో తట్టలేదు. అది తరువాత నేను అతికించుకున్నదే. అందుచేత దానిని ఆ రోజు నేర్చుకున్న పాఠంగా లెక్కించడం లేదు.

ఒక ప్రశ్న మాత్రం తేలలేదు. గురువారం మధ్యాహ్నం, ముందు వసారాలో కళ్లు మూసుకున్న పెద్దత్త నిజంగా నిద్రపోయిందా? నేను చేసింది ఆమెకు తెలుసుననడానికి శుక్రవారం కత్తెరే సాక్ష్యం, అందులో నాకు సందేహం లేదు. కాని చూసి తెలుసుకుందా, ఆకును చదివి తెలుసుకుందా? చూసి ఉంటే, ఆ పెంటికల విచారణ అంతా నా పరువు కాపాడడానికి ఆడిన నాటకం. చూడకుండా ఉంటే, నేను ఇన్నేళ్లలో చూసిన పరిశీలకుల్లో ఆమెను మించినవారు లేరు. ఈ రెంటిలో ఏది నిజమైతే ఎక్కువ రుణపడతానో కూడా తేల్చుకోలేకపోయాను.

అడిగి ఉండవచ్చు. ఆమె ఎనభై దాటి బతికింది. అడగాలంటే ముందు ఒప్పుకోవాలి, ఒప్పుకోవడానికి నేను రెండుసార్లు సిద్ధపడి వెళ్లాను కూడా. కాని చివరి ఏళ్లు ఆమె బిట్రగుంటలో గడిపింది. నేను వెళ్లిన ప్రతిసారీ మంచం పక్కన, ఆమె చెయ్యి పట్టుకుని, వదిన కూర్చుని ఉండేది.